బడిలో ఒక పేరు... గుడిలో ఒక పేరు

ఆదివారం పొద్దున్నే తెనాలిలో రేపల్లె రైలెక్కి చూడండి. చంకలో బైబిలు, తలమీద చెంగు, పక్కన నూనె రాసి దువ్విన తలలతో పిల్లలు... ఏ పెట్టెలో చూసినా ఒకరిద్దరు పెద్దమ్మలు కనబడతారు. పేరడిగితే మార్తమ్మ అనో, రూతమ్మ అనో చెబుతారు. మార్త, రూతు బైబిల్లోంచి వచ్చిన పేర్లు. వాటికి 'అమ్మ' తగిలించి మన ఊరి పేర్లు చేసుకున్నారు. దేవదానం, కృపావరం, సువార్తమ్మ అయితే అచ్చంగా ఇక్కడివే.

ఈ వైపు క్రైస్తవం నిన్న మొన్న వచ్చింది కాదు. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టింది 1842 జులై 31న. తెనాలి, రేపల్లె పల్లెల్లో లూథరన్లు, బాపట్ల చుట్టూ అమెరికన్ బాప్టిస్టులు చర్చీలు, బళ్లు కట్టారు. పాటలు మాత్రం తెలుగువాళ్లే రాసుకున్నారు. పురుషోత్తమ చౌదరి (1803-1890) కీర్తనలు నేటికీ పాడుతున్నారు. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకం తెరిస్తే పాట పైన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. శంకరాభరణం, ఆదితాళం! హార్మోనియం పెట్టె ముందేసుకుని కూర్చునే పెద్దాయనకు తాను పరాయి మతం పాట పాడుతున్నానన్న ఊహే రాదు.

మరి చిక్కెక్కడ? బడిలో.

చాలా ఇళ్లలో పిల్లాడికి రెండు పేర్లుంటాయి. బాప్తిస్మం రిజిస్టర్లో ఇమ్మానుయేలు, బడి రిజిస్టర్లో రవికుమార్. అమ్మమ్మ పిలిచేది ఒకటి, హాల్‌టికెట్ మీద ఉండేది ఇంకొకటి. కులం ధ్రువపత్రంలో 'హిందూ' అని ఉంటుంది. ఇదేదో మోజుపడి చేసింది కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట్లో హిందువులకే పరిమితం. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మతం మారిన ఎస్సీలు మన రాష్ట్రంలో బీసీ-సీ అవుతారు. ఎస్సీలకు 15 శాతం రిజర్వేషన్, బీసీ-సీకి 1 శాతం. తండ్రి ఏ గడిలో టిక్కు పెడతాడో వేరే చెప్పాలా? పేరు ఒక్కదానితోనే హోదా పోదు. కానీ మండలాఫీసులో విచారణ అంటే ఎవరికైనా గుండె దడే.

అదే రైలు దారిలో భట్టిప్రోలు వస్తుంది, బౌద్ధ స్తూపం ఉన్న ఊరు. స్తూపం వైపు వెళితే నిలిచే హోదా చర్చి మెట్లెక్కితే ఎందుకు పోతుందని కుర్రాళ్లు అడుగుతారు. అంటరానితనం హిందూ సమాజంలోది, క్రైస్తవంలో కులం లేదు కదా అని ప్రభుత్వాల జవాబు. కానీ కులం లేదన్న మాట పల్లెలో నిలవదు. వాడ మారదు, శ్మశానం మారదు, కూలికి పిలిచే పిలుపూ మారదు. అటు, ఉన్న వాటాలోకి ఇంకొకరు వస్తే మా గతేమిటని అడిగే ఎస్సీ సంఘాలూ ఉన్నాయి. వాళ్ల భయం కూడా కొట్టిపారేయదగ్గది కాదు.

బాపట్ల, రేపల్లెల నడుమ పిట్టలవానిపాలెం మండలంలో ఒక పాస్టరుకు ఈ ప్రశ్న కోర్టులో ఎదురైంది. కులం పేరుతో తిట్టి కొట్టారని 2021లో ఆయన కేసు పెట్టారు. ఏళ్లుగా పాస్టరుగా ఉన్న మనిషికి ఎస్సీ హోదా ఉండదంటూ 2025 ఏప్రిల్ 30న హైకోర్టు ఆ అట్రాసిటీ కేసు కొట్టేసింది. మతం మారిన దళితులకు హోదా ఇవ్వాలని రాష్ట్ర శాసనసభ 2023 మార్చిలో తీర్మానం చేసింది. హోదా సంగతి పరిశీలించడానికి కేంద్రం 2022లో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసింది. ఇవన్నీ తెలిసి కూడా ఆ మండలంలో పాస్టర్లు ఆదివారం చర్చి గంట కొడుతూనే ఉన్నారు.

ఇక్కడ గుర్రం జాషువా గుర్తురావాలి. 1895లో వినుకొండలో పుట్టారు. పురాణాలు చదువుతున్నాడని చర్చివాళ్లు వెలివేశారు, అంటరానివాడని పండితులు దూరం పెట్టారు. 'గబ్బిలం' రాసిన ఆయనే 'క్రీస్తు చరిత్ర' కూడా రాశారు. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. తెనాలి రంగస్థలం మీద హరిశ్చంద్ర నాటకమాడితే శ్మశానం సీనులో వన్స్‌మోర్ కొట్టించుకునే పద్యాలు ఈ క్రైస్తవుడివే. ఆయన మాత్రం పేరు మార్చుకోలేదు. అందరికీ జాషువా అంత గుండె ఉండాలనడం అన్యాయం. పిల్లాడి ఫీజు కట్టేది మనం కాదు కదా.

పెళ్లి శుభలేఖ మీద మాత్రం దాపరికం ఉండదు. పైన సిలువ, కింద బైబిలు వాక్యం, వరుడి పేరు ఇమ్మానుయేలు, బ్రాకెట్లో రవికుమార్. ఆఫీసు స్నేహితులు వస్తారు కదా, అందుకని ఆ బ్రాకెట్.

ఏడాది తిరిగేసరికి వాళ్లే బిడ్డనెత్తుకుని చర్చిలో నిలబడతారు. పాస్టరు రిజిస్టరు తెరిచి, "పేరేం రాయమంటారు?" అని అడుగుతాడు. భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. వెనక వరసలోంచి మార్తమ్మ గొంతు ముందే వినబడుతుంది.