వ్యానులో నీటి కారుడు, హీటరు ఫ్యాను మొరాయింపు: ముందుగా ఏది సరిచేయాలి?

కోలారు బంగారు గనుల ప్రాంతంలో వ్యాను కేవలం ఒక వాహనం కాదు, అనేక కుటుంబాలకు అది జీవనాధారం. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ గనులు మూతపడిన తరువాత వేలాదిమంది ఉపాధి కోసం మారికుప్పం, బంగారుపేట స్టేషన్ల నుంచి బెంగళూరుకు రైలులో ప్రతిదినం వెళ్లిరావడం మొదలైంది. వారిని స్టేషనుకు చేర్చేది, పల్లె పిల్లలను బడికి తీసుకువెళ్లేది, టమోటా బుట్టలను కోలారు మార్కెట్టుకు మోసేది చాలావరకు ఇటువంటి చిన్న వ్యాన్లే. 1984లో వచ్చిన మారుతి వ్యాను, తరువాత ఓమ్ని అనే పేరుతో 2019 వరకు తయారైంది. ఆ పాత బండ్లు నేటికీ మన రోడ్ల మీద కనిపిస్తాయి.

ఈ వ్యాన్లలో తరచుగా ఎదురయ్యే తొందరలు రెండు. లోపలికి నీరు కారడం ఒకటి, హీటరు ఫ్యాను పనిచేయకపోవడం మరొకటి. ఈ రెంటినీ వేర్వేరు లోపాలుగా భావించి, ముందుగా ఫ్యాను మార్పించి, నీటి సంగతిని వచ్చే నెలకు వాయిదా వేయడం సాధారణంగా జరిగే పని. కాని చాలా సందర్భాలలో ఫ్యాను చెడడానికి కారణం ఆ నీరే. కాబట్టి నీటిని ఆపిన తరువాతనే ఫ్యాను జోలికి వెళ్లాలి.

మన వాతావరణంలో హీటరుతో ఏమి పని?

కోలారు జిల్లా సముద్రమట్టానికి 800 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. మార్గశిర, పుష్య మాసాలలో తెల్లవారుజామున ముళబాగిలు, నంగలి రహదారిపై మంచు దట్టంగా కమ్ముకొంటుంది. అప్పుడు మనకు కావలసినది హీటరు వేడి కన్నా, ముందు అద్దం మీదికి గాలిని పంపే ఫ్యాను. దీనినే మెకానిక్కులు బ్లోవరు అంటారు. పదిమంది పిల్లలు కూర్చున్న వ్యానులో వారి ఊపిరిలోని తేమ చల్లని అద్దాన్ని తాకి నీటి బిందువులుగా మారుతుంది. నేల మీది పట్టా తడిసి ఉంటే ఆ తేమ రెట్టింపవుతుంది. ఫ్యాను లేకపోతే రెండు మూడు నిమిషాలలోనే డ్రైవరుకు ఎదుటి దారి కనిపించదు. అందుచేత ఇది సుఖానికి సంబంధించిన విషయం కాదు, పిల్లల ప్రాణాలకు సంబంధించిన విషయం.

ఏ నీరో ముందుగా గుర్తించండి

వ్యానులోకి చేరే నీరు మూడు రకాలు.

మొదటిది వాన నీరు. దీనికి రంగు, వాసన ఉండవు. వాన పడినప్పుడు, బండి కడిగినప్పుడు మాత్రమే కనిపిస్తుంది.

రెండవది ఏసీ నీరు. ఏసీ ఉన్న బండిలో, అది నడిచిన రోజున మాత్రమే ముందు సీటు కాళ్ల దగ్గర తడి కనిపిస్తే, నీరు బయటికి పోయే సన్నని గొట్టం దుమ్ముతోనో, పురుగులు పెట్టిన మట్టిగూటితోనో పూడిపోయి ఉంటుంది. గొట్టాన్ని మెత్తని తీగతో జాగ్రత్తగా శుభ్రం చేస్తే సరిపోతుంది.

మూడవది ఇంజన్‌ను చల్లబరిచే కూలెంటు. ఇది ఆకుపచ్చగానో ఎర్రగానో ఉంటుంది, వేళ్లకు జిగురుగా తగులుతుంది, తియ్యని వాసన వేస్తుంది. ఫ్యాను వేయగానే అద్దం మీద జిడ్డుపొర కమ్మితే హీటరు కోరు, అంటే డ్యాష్‌బోర్డు లోపల ఉండే చిన్న రేడియేటరు, కారుతున్నదని అనుమానించాలి. కూలెంటు విషపదార్థం. దానిని రుచి చూడరాదు, గొట్టాన్ని నోటితో పీల్చరాదు. దాని తియ్యదనానికి కుక్కలు, దూడలు నాకే ప్రమాదం ఉన్నది. కాబట్టి తీసిన కూలెంటును కాలువలోనో చెరువులోనో పోయకూడదు, మూత ఉన్న డబ్బాలో ఉంచాలి.

వాన నీటి దారిని పట్టుకోవడం

పాత పెంకుటిల్లు కురిసినప్పుడు పెంకు పగిలిన చోట చుక్క పడదు. నీరు దూలం వెంట జారి ఎక్కడో పడుతుంది. వ్యాను కూడా అంతే. తడి కనిపించిన చోట జిగురు పూయడం వల్ల ప్రయోజనం లేదు.

లోపలి పట్టాలను తీసి పూర్తిగా ఆరబెట్టండి. అనుమానం ఉన్న అంచుల వెంట సుద్దముక్క పొడిని పలుచగా చల్లండి. ఒకరు టార్చిలైటుతో లోపల కూర్చోవాలి. మరొకరు బయటి నుంచి సన్నని ధారతో నీరు పోయాలి. కింది నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క చోట మూడు నాలుగు నిమిషాలు ఆగి, క్రమంగా పైకి వెళ్లాలి. ఒక్కసారిగా పైనుంచి కుమ్మరిస్తే దారి తెలియదు. సుద్దపొడిలో గీత పడిన చోటనే నీటి ప్రవేశద్వారం ఉన్నది.

పరీక్షించవలసిన స్థానాలు ఇవి. ముందు అద్దం కింది జాలీ లోపల నీరు పోయే రంధ్రాలు, అద్దం చుట్టూ ఉండే రబ్బరు, తలుపుల బీడింగు, తలుపుల అడుగున ఉండే చిన్న రంధ్రాలు, పైకప్పు క్యారియరు బోల్టులు, వెనుక దీపాల వాషర్లు. మన ప్రాంతంలో నీలగిరి, చింత, వేప చెట్ల కింద బండ్లను నిలపడం పరిపాటి. రాలిన ఆకులు జాలీలో పేరుకొని రంధ్రాలను మూసివేస్తాయి. అప్పుడు వాన నీరు నిలిచి, నేరుగా ఫ్యాను ఉన్న పెట్టెలోకి దిగుతుంది. ఆకులను తీసివేస్తే పైసా ఖర్చు లేకుండా సగం సమస్య తీరుతుంది.

ఎండకు గట్టిపడిన రబ్బరును మార్చడమే మేలు. తారు పూస్తే తుప్పు కనపడకుండా దాని కింద పెరుగుతుంది. పుల్లని వాసన వేసే సిలికాను జిగురు కూడా ఇనుప రేకుకు హాని చేస్తుంది. అద్దాలకు ప్రత్యేకించిన జిగురునే వాడండి.

వెనుక తలుపు బీడింగును మాత్రం ఉపేక్షించరాదు. నీరు వచ్చే సందులోంచి పొగ కూడా వస్తుంది. ఇంజన్ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన లేవు. అది తలనొప్పి, మగతతో మొదలై ప్రాణం తీయగలదు. ఇంజన్ ఆన్‌లో ఉంచి, అద్దాలు మూసిన వ్యానులో ఎన్నడూ నిద్రించకండి.

బోరునీరు, రేడియేటరు

కోలారు జిల్లాలో ఏడాది పొడవునా పారే నది లేదు. నీటికోసం వెయ్యి అడుగులకు మించి బోర్లు వేసిన గ్రామాలు ఎన్నో. ఆ నీటిలో లవణాలు అధికం. టీ కాచే గిన్నె అడుగున తెల్లని పొర కట్టడం మీరు చూసే ఉంటారు. రేడియేటరులో బోరునీరు పోస్తే అదే పొర హీటరు కోరులోని సన్నని గొట్టాలలో కడుతుంది. ఆపై తుప్పు పట్టి కారడం ఆరంభమవుతుంది. బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటరులో, తయారీదారు పుస్తకంలో చెప్పిన పాళ్లలో కూలెంటు కలిపి పోయడమే సరైన పద్ధతి. కలిపి అమ్మే కూలెంటయితే మరల నీరు చేర్చనక్కరలేదు.

దారిలో కారితే రేడియేటరులో పసుపు వేసి గట్టెక్కే అలవాటు కొందరికి ఉన్నది. అటువంటి పొడులు రంధ్రంతోపాటు హీటరు కోరును కూడా మూసివేస్తాయి. ముందుగా గొట్టాల క్లిప్పులను చూడండి. చాలాసార్లు క్లిప్పు బిగిస్తేనే కారుడు ఆగుతుంది. కోరే పగిలితే, దానికి వెళ్లే రెండు గొట్టాలను తాత్కాలికంగా ఒకదానితో ఒకటి కలిపి ఇంజన్‌ను కాపాడవచ్చు. ఇంజన్ వేడిగా ఉండగా రేడియేటరు మూతను ఎట్టి పరిస్థితిలోను తెరవకండి. ఒత్తిడిలో ఉన్న మరుగునీరు ముఖం మీదికి చిమ్ముతుంది.

ఇక ఫ్యాను

నీరు ఆగి, లోపల ఆరిన తరువాత ఫ్యానును పరీక్షించాలి. ముందుగా తాళం తీసి, బ్యాటరీ నెగెటివ్ వైరును విప్పి ఆకులను, తడిని తొలగించి, వైర్ల కనెక్టర్లను చూడండి. పచ్చని కిలుము పట్టిన కనెక్టరు నీటి జాడ, కరిగిన ప్లాస్టిక్కు అధిక వేడి జాడ. ఆ తరువాత వైరు తగిలించి ఈ లక్షణాలను గమనించండి.

ఫ్యాను ఏ వేగంలోను తిరగకపోతే వరుసగా ఫ్యూజు, కరెంటు చేరుతున్నదా, ఎర్తు వైరు, చివరగా మోటారు చూడాలి. అన్నిటికన్నా పై వేగంలో మాత్రమే తిరిగితే రెసిస్టరు కాలిపోయినట్లు. తక్కువ వేగాలలో కరెంటు రెసిస్టరు గుండా వెళ్లి తగ్గుతుంది, పై వేగంలో దానితో పని లేకుండా నేరుగా మోటారుకు చేరుతుంది. రెసిస్టరును చల్లబరిచేది ఫ్యాను గాలే. ఆకులు అడ్డుపడి గాలి తగ్గితే అది కాలుతుంది. ఆకులు తీయకుండా కొత్తది వేస్తే అదీ కాలుతుంది.

తట్టినప్పుడు మాత్రమే తిరిగితే మోటారు కార్బన్లు అరిగి ఉంటాయి. కీచుమంటే బుష్షు ఎండిపోయినది. టపటప కొట్టుకొంటే రెక్కలలో ఆకు చిక్కినది. బిగుసుకొన్న మోటారు ఎక్కువ కరెంటు లాగి స్విచ్చును, వైర్లను కాలుస్తుంది.

ఫ్యూజు మాటిమాటికి పోతుంటే దాని స్థానంలో తీగ చుట్టడం, పెద్ద ఫ్యూజు వేయడం ఘోరమైన పొరపాటు. 12 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లంటే 120 వాట్లు. దానికి మించిన కరెంటును సన్నని వైరు భరించలేదు. నిప్పు పుట్టేది డ్యాష్‌బోర్డు వెనుక, మన చేతికి అందని చోట. గ్యాసు కిట్టు ఉన్న బండిలో గ్యాసు వాసన వస్తే ఏ స్విచ్చును వేయకుండా పిల్లలను దింపండి. ఎయిర్‌బ్యాగు ఉన్న కొత్త బండ్లలో డ్యాష్‌బోర్డును విప్పే పనిని శిక్షణ పొందిన మెకానిక్కుకే అప్పగించండి.

తల్లిదండ్రులకు, వ్యాను యజమానులకు

మన జిల్లాలో సెప్టెంబరు, అక్టోబరు నెలలలో వానలు అధికం. వాటి వెనుకనే మంచు వస్తుంది. కాబట్టి ఆగస్టులోనే ఒక ఆదివారం కేటాయించి జాలీ, బీడింగు, క్లిప్పులు, ఫ్యాను చూసుకోవాలి. పిల్లలను ఎక్కించేముందు తల్లిదండ్రులు కూడా రెండు విషయాలు అడగవచ్చు. నేల పొడిగా ఉన్నదా? అద్దం మీదికి గాలి వస్తున్నదా? అడగడంలో తప్పు లేదు.

దారిలో ఫ్యాను ఆగిపోయి అద్దం మసకబారితే, రెండు వైపుల కిటికీలను కొద్దిగా తెరిచి, బండిని రోడ్డు పక్కకు తీసి, పొడిబట్టతో అద్దం తుడిచి, దారి స్పష్టంగా కనిపించిన తరువాతనే కదలాలి. బడికి పది నిమిషాలు ఆలస్యమైనా నష్టం లేదు. అద్దంలో అరచేయంత చోటు తుడుచుకొని ఆ సందులోంచి చూస్తూ నడపడం మాత్రం ఎవ్వరూ చేయరాదు.

గనులు నడిచిన కాలంలో భూగర్భంలో పనివారి ప్రాణాలను నిలిపినవి రెండు ఏర్పాట్లు. ఊరే నీటిని పైకి తోడే పంపులు, లోపలికి గాలిని పంపే ఫ్యాన్లు. ఆ పని తెలిసిన చేతుల వద్ద నేర్చినవారు మన గ్యారేజీలలో నేటికీ ఉన్నారు. లోపం ఫలానా చోట ఉన్నదని ముందుగా మీరు గుర్తించి చెప్పగలిగితే, వారి శ్రమ తగ్గుతుంది, మీ ఖర్చూ తగ్గుతుంది.