ముందు పడటం నేర్చుకో అక్కా!

అట్టపెట్టె విప్పి చూస్తే మడతపెట్టిన ప్లాస్టిక్ దుప్పటిలాంటిదేదో కనిపించింది. "ఇదేనా పడవ?" అన్నాను. "ఇదే. గాలి కొడితే మనిద్దర్నీ మోస్తుంది" అంది మా చెల్లెలు. నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే భయమూ వేసింది. ఇద్దరం కలిపి ఎంత లేదన్నా 130 కిలోలుంటాం!

ఇది 2024 జూన్ మాట. చెల్లెలు వాళ్లుండేది అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్ పక్కన. వాళ్లింటికి దగ్గర్లోనే సమామిష్ అని ఒక సరస్సుంది. పొడవు పదకొండు కిలోమీటర్ల పైచిలుకు. దక్షిణపు కొసన పెద్ద పార్కు. ఎండ కాసిన ఆదివారం వచ్చిందంటే ఊరంతా అక్కడే. వాళ్లలో మన తెలుగువాళ్లూ తక్కువేం కాదు. పులిహోర డబ్బాలు, పిల్లలు, పడవలు... అంతా కోలాహలం.

పడవ అంటే సరదాయే గానీ నాకు ఈత రాదు. మాది గోదావరి కాలవ ఒడ్డునున్న ఊరు. తాతయ్య అన్నయ్యల నడుములకి ఎండు సొరకాయ బుర్రలు కట్టి కాలవలోకి తోసేవాడు. ఆడపిల్లలం మేమేమో గట్టు మీద వాళ్ల చొక్కాలకి కాపలా! చెల్లెలు ముప్ఫై దాటాక అక్కడి స్విమ్మింగ్ పూల్‌లో చేరి ఈత నేర్చుకుంది. నేను ఇంకా గట్టు మీదే ఉన్నాను.

సరే, పడవ సంగతి చెబుతాను. దీన్ని ఇన్‌ఫ్లేటబుల్ కాయక్ అంటారు. గాలి నింపి వాడుకునే సన్నపాటి పడవ. మా దానికి కుడివైపు ఒక గది, ఎడమవైపు ఒక గది, అడుగున ఇంకొకటి. మూడూ విడివిడి. ఒకటి చిల్లుపడినా మిగతా రెండూ కాసేపు తేలుస్తాయి. ఒడ్డు చేరడానికి ఆ కాసేపే ఆధారం, అంతే.

కొత్త పడవని నేరుగా నీళ్లకి తీసుకెళ్లకూడదట. ముందురోజు రాత్రి హాల్లో సోఫాలు జరిపి గాలి కొట్టాం. పంపు నొక్కినా గాలే, లాగినా గాలే. పది నిమిషాలకి నా భుజాలు పట్టేశాయి. తర్వాత సబ్బునీళ్లు కలిపి అతుకుల మీదా వాల్వుల చుట్టూ రాశాం. సైకిల్ ట్యూబు పంక్చర్ చూసే పద్ధతే! ఒక వాల్వు దగ్గర బుడగలొచ్చాయి. మూత అడ్డంగా పడింది, అంతే. విప్పి మళ్లీ బిగించాం. పొద్దున్న లేచి చూస్తే పడవ బిగువుగానే ఉంది.

ఎంత గాలి పట్టాలన్నది కంటిచూపుతో చెప్పలేం. మా పడవ మీద చిన్న స్కేలు అచ్చేసి ఉంది. గాలి నిండేకొద్దీ అది సాగుతుంది. వాళ్లిచ్చిన కాగితం మీది గీతకి సరిపోగానే ఆపెయ్యాలి. "ఇంకో నాలుగు కొడితే గట్టిగా ఉంటుంది కదా" అన్నాను, పూరీ పిండికి ఇంకాస్త నూనె అన్నట్టు. "అతుకులు విడిపోతాయి వదినా" అన్నాడు మరిది. కారు టైర్లకి గాలి కొట్టే మిషను అసలు పెట్టకూడదు. ఒక్క క్షణంలో పేలిపోతుంది. ఎండలో వదిలేసినా లోపలి గాలి వేడెక్కి ఉబ్బి అంత పనీ చేస్తుంది. అదే చల్లటి నీళ్లలోకి దించితే గాలి ముడుచుకుని పడవ మెత్తబడుతుంది. అందుకే నీళ్లలో కాసేపు ఉంచి, తడిమి చూసి, కావాలంటే ఇంకాస్త కొట్టాలి. అడుగున వెనకవైపు చేప రెక్కలాంటి ముక్కొకటి తగిలిస్తారు. మొదటిసారి అది మర్చిపోయాం. ముక్కు కుడికీ ఎడమకీ తిరగడమే తప్ప పడవ ముందుకు పోతే ఒట్టు!

లైఫ్ జాకెట్ దగ్గర నాకూ చెల్లెలికీ పెద్ద రగడే జరిగింది. ఎండగా ఉంది, ఉక్కగా ఉంది, జాకెట్ లావుగా ఉంది. నేను దాన్ని మడిచి సీటు కింద మెత్తగా వేసుక్కూచున్నాను. చెల్లెలి కూతురికి పదకొండేళ్లు. అది పడవ పట్టుకుని కదలనివ్వలేదు. "పెద్దమ్మా, పడిపోయాక దాన్ని తొడుక్కోగలవా?" అంది. నా దగ్గర సమాధానం లేదు. అక్కడి చట్టం ప్రకారం చిన్న పడవల్లో 12 ఏళ్లు, అంతకన్నా చిన్న పిల్లలు తప్పనిసరిగా జాకెట్ తొడుక్కునే ఉండాలి. పెద్దవాళ్లకి పడవలో మనిషికొకటి ఉంటే చాలట. చట్టం పెద్దవాళ్ల తెలివిని నమ్మింది కాబోలు!

జాకెట్ ఏదో ఒకటి తగిలించుకుంటే సరిపోదు. మన బరువుకీ ఛాతీ కొలతకీ తగింది కావాలి. బకిల్స్ అన్నీ పెట్టాక భుజాల దగ్గర పట్టుకుని ఎవరైనా పైకి లాగి చూడాలి. చెవుల దాకా వచ్చిందంటే వదులుగా ఉన్నట్టే. జాకెట్‌కి ఒక ఈల కట్టుకోవాలి. నోరు తడారిపోయినప్పుడు కేక రాకపోయినా ఈల వస్తుంది. సెల్‌ఫోను నీళ్లు దూరని సంచీలో పెట్టి జాకెట్‌కే తగిలించుకోవాలి, పడవకి కాదు. పడవ కొట్టుకుపోతే ఫోనూ దాంతోనే పోతుంది కదా. చీరలు, చున్నీలు ఇంట్లోనే. తాళ్లేవీ ఒంటికి చుట్టుకోకూడదు.

ఇక ఆ రోజు అసలు పాఠం. సరదాగా షికారు తిప్పుతుందనుకుంటే మా చెల్లెలు నడుంలోతు నీళ్లలోకి తీసుకెళ్లి, "ముందు పడటం నేర్చుకో అక్కా!" అంటూ పడవని ఒకపక్కకి వంచేసింది. నీళ్లు ముక్కులోకి, చెవుల్లోకి... కాళ్లు నేలకి తగులుతున్నా ఆ సంగతి తెలియలేదు. జాకెట్టే నన్ను పైకి తెచ్చింది. "పడవ వదలకు!" అని అరుస్తోంది చెల్లెలు. గాలిపడవ తేలిక. మనం వదిలామా, గాలి దాన్ని మనం ఈదే వేగం కన్నా ముందే తోసుకుపోతుంది. ముందు పడవ, తర్వాతే తెడ్డు, చెప్పులు సంగతి దేవుడెరుగు.

మళ్లీ ఎక్కడానికి ఒక పద్ధతుంది. కొసన కాకుండా పక్కకి రావాలి. అవతలి అంచుకి చెయ్యి చాపి పట్టుకుని, కాళ్లు వెనక్కి తన్ని, ఒడ్డున పడ్డ చేపలా పొట్ట మీద పడాలి. అప్పుడు మెల్లగా తిరిగి కూర్చోవాలి. రెండోమనిషి అవతలి పక్క బరువాని పట్టుకుంటే సులువు. ఏడుసార్లు జారి, ఎనిమిదోసారి ఎక్కాను. ఒడ్డున ఎవరో చప్పట్లు కొట్టారు. సిగ్గేసింది గానీ, ఎక్కాను!

రెండు ఆదివారాలయ్యేసరికి మాకు కాస్త గర్వం వచ్చింది. మూడోసారి పార్కు నుంచి ఉత్తరంగా బయల్దేరాం. వీపు వెనకనుంచి గాలి. తెడ్డు ముట్టుకోకుండానే పడవ జారిపోతోంది. "ఎంత బావుందే!" అని కబుర్లలో పడ్డాం. వెనక్కి తిరిగాక తెలిసింది. పది నిమిషాల్లో వచ్చినంత దూరం అరగంట తెడ్డు వేసినా సగం కాలేదు. ఆపితే చాలు, పడవ వెనక్కి. మోటారు బోట్ల అలలొకటి. అలకి పక్క చూపిస్తే ఒరుగుతుంది, ముక్కు చూపించాలి. బయల్దేరిన చోటికే పోవాలన్న పంతం మానేసి దగ్గరున్న పక్క ఒడ్డు పట్టాం. ఎవరిదో పెరడు. ఆ ఇంటావిడ మమ్మల్ని చూసి కోప్పడలేదు సరికదా, మంచినీళ్లిచ్చింది. మరిది కారేసుకొచ్చాడు. ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ అనిపించింది!

చెట్ల చాటున ఒడ్డు దగ్గర నీళ్లు నిశ్చలంగా కనిపిస్తాయి. గాలి సంగతి లోపలికి వెళ్తేగాని తెలీదు. అందుకే ముందు గాలికి ఎదురుగా వెళ్లాలి. అలిసిపోయాక అదే వెనక్కి తెచ్చి దింపుతుంది. మేం సరిగ్గా తిరగేసి చేశాం.

మేం పోయింది సరస్సు కాబట్టి సరిపోయింది. ఆ చుట్టుపక్కల నదుల్లోకి కొండల మీది మంచు కరిగి వస్తుంది. బయట ఎండ మండుతున్నా నీళ్లు గడ్డకట్టించేంత చలి. అలాంటి నీళ్లలో హఠాత్తుగా పడితే మనకి తెలీకుండానే పెద్దగా ఊపిరి లాగేస్తాం. తల మునిగి ఉంటే లాగేది నీళ్లనే. కొద్ది నిమిషాల్లో చేతులు పట్టు తప్పుతాయి. ఈత వచ్చినవాళ్లూ అలా పోతారు. చదువుకోడానికి వెళ్లిన మన పిల్లలు నీళ్లలో పోయారన్న వార్త ఎన్నిసార్లు చదివాం!

తిరిగొచ్చేముందు మా అన్నయ్య కొడుకు ఫోన్ చేశాడు. "అత్తా, అలాంటిది నాకొకటి తీసుకురా. మన కాలవలో వేస్తా" అన్నాడు. నిటారు గట్లు, లాగే నీరు, కింద లాకులు. తిరగబడితే ఎక్కడానికి చోటేది? "తేను. ఈత ఎంతవరకు వచ్చింది?" అన్నాను. ఫోన్ పెట్టేశాడు.

పడవని మాత్రం మంచినీళ్లతో కడిగి గ్యారేజీలో ఆరబెట్టాం. తడిమీద మడిస్తే బూజు పడుతుంది. ఆరింతర్వాత ఎన్నిసార్లు మడిచినా మళ్లీ ఆ పెట్టెలో పట్టలేదు. చివరికి నేను తీసుకెళ్లిన పాత చీరలో మూటకట్టి అటక మీద పెట్టింది మా చెల్లెలు.