శ్రీబాగ్ ఒడంబడికయు సమాఖ్య ధర్మమును

1937 నవంబరు 16వ తేదీన చెన్నపురిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్ గృహమునందు కోస్తా నాయకులును రాయలసీమ నాయకులును కూడి యొక ఒడంబడిక వ్రాసికొనిరి. కడప కోటిరెడ్డిగారును, భోగరాజు పట్టాభి సీతారామయ్యగారును చేవ్రాలు చేసినవారిలోనివారు. 1935 చట్టముచే రాష్ట్రముల స్వపరిపాలన మొదలైన యేడే యిది జరిగినది. చెన్నపురి పెత్తనము తొలగినచో అది బెజవాడకో గుంటూరుకో చేరునేమో యని సీమవారు శంకించిరి. ఆ శంక అకారణమని మేము తలపము.

రాజధాని, హైకోర్టులలో సీమవారు కోరినది సీమకు దక్కవలెనని యందు కలదు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధాని యయ్యెను. డేరాలలో కచేరీలు నడచెను. మూడేండ్లు తిరుగగనే, 1956 నవంబరులో, రాజధాని హైదరాబాదునకు తరలెను. కర్నూలును న్యాయరాజధాని చేయ నుద్దేశించిన 2020 శాసనము 2021లో ఉపసంహరింపబడినది. అయినను రాజధాని మాట కంటె నీటి మాట పెద్దది. తుంగభద్ర, కృష్ణ, పెన్నల నీటి పథకములలో పదియేండ్లు సీమకు అగ్రస్థాన మిత్తుమని పెద్దలు వ్రాసియిచ్చిరి. ధాత కరవు చవిచూచిన కర్నూలు జిల్లాకు ఆ వాక్యము అలంకారము గాదు. సుంకేసుల వద్ద తుంగభద్ర నుండి బయలుదేరు కర్నూలు-కడప కాలువ క్రింది రైతు నడుగుడు. అగ్రస్థాన మనగా నేమో చెప్పగలడు.

అమెరికాలో శాసనసభ సమ్మతి లేనిదే ఏ రాష్ట్రమును చీల్చరాదు. ఆస్ట్రేలియాలో వోటర్ల యామోదము సైతము కావలెను. స్విట్జర్లాండులో జూరా ప్రాంతము బెర్న్ నుండి విడివడి 1979లో ప్రత్యేక కాంటనగుటకు ముందు, దేశమంతయు వోటు చేసెను. మన రాజ్యాంగపు 3వ అధికరణము రాష్ట్రాభిప్రాయము నడుగుమనును, దానికి కట్టుబడుమనదు. 2014లో మన శాసనసభ తిరస్కరించిన బిల్లునే పార్లమెంటు ఆమోదించినది.

ఢిల్లీపై మన ఫిర్యాదు న్యాయమే. కాని రాష్ట్రము కడపకు తా నేమి యిచ్చినది? 1992 నాటి 73వ సవరణము పంచాయతులకు 29 విషయములను సూచించినను, ఇచ్చుట మానుట శాసనసభల యిష్టమునకే వదలెను. శ్రీబాగ్‌కు ఆపాటి చట్టరూపమును లేదు. పెద్దమనుష్యుల మాటను ఏ న్యాయస్థానము అమలుచేయును?

తెలంగాణమునకు 1958లో శాసనసభ్యుల ప్రాంతీయ సంఘ మేర్పడి, 1973 వరకు నిలిచినది. సీమకు అదియు లేకపోయెను. నీటి లెక్కలను, వ్యయపు లెక్కలను తన యెదుట పెట్టించుకొను హక్కు గల అట్టి సంఘమును శాసనపూర్వకముగ సీమకు ఏర్పరుపవలెనని మేము కోరుచున్నాము.