ఆడకుక్క ఎదకు వచ్చినప్పుడు

"చిత్త కార్తె కుక్కలు" అని తిట్టడం మనం వింటూనే ఉంటాం. చిత్త కార్తె అక్టోబరు మధ్యలో వస్తుంది. కోట చుట్టుపక్కల వానలు పట్టుకునే కాలం. వీధికుక్కలు గుంపులు కట్టి తిరిగేది ఎక్కువగా అప్పుడే. అందుకే ఆ మాట పుట్టింది. కానీ ఇంట్లో పెంచే కుక్కకు కార్తెతో పనిలేదు. ఏ నెలలోనైనా ఎదకు వస్తుంది.

ఇంటి కాపలాకు, రొయ్యల గుంటల కాపలాకు మనం కుక్కను పెంచుతాం. ఆడకుక్క అయితే సాధారణంగా ఏడాది లోపలే మొదటిసారి ఎదకు వస్తుంది. తర్వాత సుమారు 6 నెలలకు ఒకసారి. వచ్చిన ప్రతిసారీ 3 వారాలు ఉంటుంది.

ఎట్లా తెలుస్తుంది? మూత్రం పోసే చోట వాస్తుంది. రక్తం చుక్కలు పడతాయి. "ఏందమ్మా, దెబ్బ తగిలిందా?" అని కొందరు పసుపు పూస్తారు. అది దెబ్బ కాదు. కుక్క మాటిమాటికీ మూత్రం పోస్తుంది. ఆ వాసనకే ఎక్కడెక్కడి మగకుక్కలో వస్తాయి. పిలిస్తే పలకదు. కాపలా వదిలి పారిపోవాలని చూస్తుంది. చెడిపోయిందని కొట్టకండి. అది దాని ఒంటి తీరు.

మొదటి వారం, పది రోజులు మగకుక్కను దగ్గరికి రానివ్వదు. తర్వాత రక్తం పలచబడుతుంది. ఎద తగ్గిందని విప్పేస్తాం. మోసపోయేది ఇక్కడే! చూలు కట్టేది ఆ రోజుల్లోనే. తోక పక్కకు పెట్టి నిలబడితే జతకు సిద్ధమైందని గుర్తు. 3 వారాలూ తలుపున్న గదిలో ఉంచాలి. బయట గుంజకు కట్టేస్తే చాలదు, మగకుక్కలు అక్కడికే వస్తాయి. పొద్దున, సాయంత్రం మీరే తాడు పట్టుకొని తిప్పండి.

జత కట్టిన కుక్కలు అరగంట దాకా అతుక్కొని ఉండొచ్చు. పిల్లలు రాళ్ళు వేస్తారు. పెద్దలు నవ్వుతారు. లాగితే రెంటికీ లోపల గాయమవుతుంది. వాటంతట అవే విడిపోతాయి.

ఆ గుంపులో మగకుక్కలు కొట్లాడుకుంటాయి. మధ్యలో పోయిన బిడ్డను కరుస్తాయి. కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో 15 నిమిషాలు కడగండి. పసరు, కారం పెట్టొద్దు. ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. బొడ్డు చుట్టూ 14 సూదుల కాలం పోయింది, ఇప్పుడు చేతికే వేస్తారు. చెప్పిన తేదీలన్నిటికీ పోవాలి. రేబిస్ జబ్బు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు ఉండదు.

చూలు 63 రోజులు. పుట్టిన పిల్లలను గోనెసంచిలో కట్టి కాలవ గట్టున వదిలే వాళ్ళున్నారు. అంతకన్నా ఆపరేషన్ చేయించడం మేలు కదా? పశువుల డాక్టరును అడగండి. ఎద తగ్గిన రెండు మూడు నెలలకు చేయిస్తే మంచిది. వీధికుక్కలకు చేయించే బాధ్యత పంచాయతీది, మునిసిపాలిటీది. 2023 నాటి కేంద్ర నియమాలు ఆ మాటే చెబుతున్నాయి. గ్రామసభలో అడగవచ్చు.

ఎద రాకుండా సూది వేయించాలని కొందరు చూస్తారు. దానివల్ల గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. సూది వేయించకపోయినా కొన్నిటికి ఈ జబ్బు వస్తుంది. ఎద తగ్గిన నెల, రెండు నెలల్లో కుక్క అన్నం మానేసి నీళ్ళు ఎక్కువగా తాగుతుంటే అనుమానించాలి. వెనక చెడువాసన వచ్చినా అంతే. తెల్లారనీలే అనుకోకుండా వెంటనే డాక్టరుకు చూపించండి.