మార్కులు లేని భాషలో మాట్లాడుదాం

మా తొండేభావి గౌరిబిదనూరు తాలూకాలోని ఊరు. రైలెక్కితే ఒక వైపు హిందూపురం, మరొక వైపు యలహంక. ఇక్కడ చాలా ఇళ్లలో అమ్మతో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది కన్నడం, ఆ పైన ఇంగ్లీషు. మూడు భాషల నడుమ పెరగడం మన పిల్లలకు కొత్త కాదు, అందులో నష్టమూ లేదు. అయితే కొందరు పిల్లలుంటారు. చక్కగా మాట్లాడతారు, నోటి లెక్క టక్కున చెప్పేస్తారు, పుస్తకం తెరిస్తే మాత్రం నీరుగారిపోతారు. వాళ్ల గురించే ఈ నాలుగు మాటలు.

"ఇంట్లో తెలుగు మాట్లాడటం వల్లే వీడికి చదువు రావడం లేదు" అని ఎవరైనా అంటే నమ్మకండి. బడి భాష కొత్తయిన పిల్లవాడు కొంతకాలానికి అందుకుంటాడు. డిస్లెక్సియా ఉన్న పిల్లవాడికి చదవడంలో ఇబ్బంది ఏ భాషలోనైనా ఎంతో కొంత కనిపిస్తుంది. తెలుగు, కన్నడ లిపులు తోబుట్టువులు. రెండింటిలోనూ గుణింతాలు, ఒత్తులు ఉన్నాయి. సోనాలి నాగ్ కన్నడ పిల్లల చదువు మీద 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అక్షరాలన్నీ పట్టుబడటానికి మామూలు పిల్లలకే నాలుగో తరగతి దాకా, ఒక్కోసారి ఆ పైన కూడా పడుతుంది. కనుక ఒకటో తరగతిలోనే బెంగపడవద్దు. కానీ తోటిపిల్లలు ముందుకు సాగిపోతున్నా మీవాడు ఒత్తులు వదిలేస్తూ, పై వరుసలో చదివిన మాటనే కింది వరుసలో మళ్లీ కూడబలుక్కుంటూ ఉంటే నిపుణులకు చూపించండి.

ఇది నిన్న మొన్న కనిపెట్టిన సంగతి కాదు. 1896లోనే ప్రింగిల్ మోర్గాన్ అనే ఇంగ్లండు వైద్యుడు పద్నాలుగేళ్ల కుర్రవాడి గురించి రాశారు. ఆ కుర్రవాడు తెలివైనవాడు, లెక్కలు బాగా చేసేవాడు, చదవడం మాత్రం పట్టుబడలేదు. తెలివికీ దీనికీ సంబంధం లేదని నూరేళ్లకు పైగా తెలుసు. మన ఇళ్లలో మాత్రం ఇంకా "సోమరి" అనే మాటే ముందు నోటికొస్తుంది.

నిపుణులు చెప్పింది పెద్దవాళ్లు విని ఊరుకుంటే చాలదు, పిల్లవాడికీ చెప్పాలి. మనం చెప్పకపోతే వాడే తనకొక పేరు పెట్టుకుంటాడు. మా మనవడు నాలుగో తరగతిలో ఉండగా ఒక రాత్రి అడిగాడు: "అవ్వా, నేను మొద్దునా?"

"కాదు నాయనా. నీకు డిస్లెక్సియా అని ఒకటుంది. అది రోగం కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటుకునేదీ కాదు. విన్నది నీకు చప్పున తెలుస్తుంది. రాసిన అక్షరాన్ని పలుకుగా మార్చుకునేదానికి మాత్రం నీకు ఎక్కువ సేపు పడుతుంది."

"అది పోతుందా?"

"పూర్తిగా పోదు. నేర్పాల్సిన పద్ధతిలో నేర్పితే చదవడం వస్తుంది. కష్టపడాల. నేను పక్కన కూచుంటా."

వాడు కాసేపు ఆలోచించాడు. "మా మిస్సుకు చెప్పు. సోమరిని కాదని కూడా చెప్పు" అన్నాడు.

ఈ సంభాషణ ఒక్క రోజుతో ముగియదు. బంధువుల ముందు, ప్రోగ్రెస్ కార్డు వచ్చిన రోజు ఎత్తకండి. బియ్యం ఏరుతూనో, నడుస్తూనో మాట్లాడండి. ఉత్త పొగడ్తలు వద్దు, పిల్లలు ఇట్టే పసిగడతారు. వాడు నిజంగా బాగా చేసే పని ఒకటి, కష్టపడే పని ఒకటి, మీరు చేయబోయే సాయం ఒకటి చెప్పండి. నిలకడగా కూర్చోలేని ఏడీహెచ్‌డీ పిల్లలకూ, ఆటిజం ఉన్న పిల్లలకూ వారి వయసుకు తగినట్టు ఇలాగే చెప్పవచ్చు. అన్నదమ్ములకూ, అక్కచెల్లెళ్లకూ తెలియాలి. లేకపోతే "వాడికొక న్యాయం, నాకొక న్యాయమా?" అన్న తగువు మొదలవుతుంది.

చట్టం కూడా అండగా ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రత్యేక అభ్యసన వైకల్యాన్నీ, ఆటిజాన్నీ గుర్తించింది. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు వంటి సవరణల గురించి అందులోని 17వ సెక్షన్ చెబుతుంది. వీటికి ధ్రువపత్రం అడుగుతారు గనుక పదో తరగతి దాకా ఆగవద్దు. మా వైపు వారికి బెంగళూరులోని నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక వైద్య విభాగం ఉంది. 2015లో జాతీయ మెదడు పరిశోధన కేంద్రం రూపొందించిన 'డాలి' అనే పరీక్ష కన్నడంలోనూ ఉంది. పరీక్ష చేసేవారికి ఇంటి భాష తెలుగని తప్పక చెప్పండి. లేకపోతే భాష తెలియకపోవడాన్ని లోపంగా లెక్కవేసే ప్రమాదం ఉంది.

పిల్లవాడితో ఈ మాట ఏ భాషలో చెప్పాలి? మన భాషలోనే. మా ఊళ్లో తెలుగుకు పరీక్ష లేదు. కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ ఎర్ర సిరా గీతలు చూసిన పిల్లవాడికి, తెలుగులో మాత్రం ఇంతవరకూ ఎవరూ సున్నా వేయలేదు. వాడు ఎన్నడూ ఓడిపోని భాష అది. నీలో లోటేమీ లేదు, నేర్చుకునే దారి వేరు అన్న మాట ఆ భాషలో వింటేనే వాడికి నమ్మకం కుదురుతుంది. డబ్బు ఖర్చు లేని ఈ సాయం ఏ ఊళ్లో ఉన్న తెలుగువారైనా చేయగలరు.