మొలత్రాటి కొలతయు, మూత్రపిండములలోని రాళ్లును

వ్యవసాయ ప్రదర్శకులకు వైద్యవిషయములతో పనియేమి యని సభ్యులలో కొందరు అడుగవచ్చును. విత్తనములు, ఎరువులు, నీటిపారుదల, తెగుళ్లు, వీనిని గూర్చియే మేము సాధారణముగా వ్రాయుచుందుము. కాని నేల యెంత సారవంతమైనను, దానిని సేద్యము చేయు శరీరము మంచము పట్టినచో పంట యింటికి రాదు. నాట్లు ముమ్మరముగా సాగు దినములలో రైతునకు నడుము ప్రక్కన నొప్పి పుట్టి, అతడు నిలువలేక, కూర్చుండలేక, నేలమీద పొరలుచుండగా ఇంటివారు పట్టణములోని యాసుపత్రికి తీసికొనిపోవుట నేడు పల్లెలలో అరుదుగాదు. ఎరువు నిమిత్తము సంఘమునుండి తెచ్చుకొన్న సొమ్ము అక్కడ వ్యయమగును. పైరు వెనుకబడును, బాకీ మాత్రము ముందుకు సాగును. కావున ఈ మాసమున మూత్రపిండములలోని రాళ్లను గూర్చియు, వానికిని శరీరములోని క్రొవ్వునకును గల సంబంధమును గూర్చియు వ్రాయదలచితిమి.

రాయి యెట్లు పుట్టును?

మన వీపునకు ముందువైపున, వెన్నెముకకు ఇరుప్రక్కల, చిక్కుడుగింజ యాకారముతో, పిడికిలియంత పరిమాణముతో రెండు మూత్రపిండములు కలవు. ఇవి రేయింబవళ్లు రక్తమును వడపోసి, శరీరమునకు అక్కరలేని లవణములను నీటిలో కరగించి మూత్రముగా వెలికి పంపుచుండును. ఆ నీటిలో సున్నపు ధాతువగు కాల్షియము, ఆకుకూరలు గింజలు మొదలగువానినుండి వచ్చు ఆక్సలేటు, మాంసాదులనుండియు మన దేహకణములనుండియు పుట్టు యూరికామ్లము మున్నగునవి కరగియుండును.

సముద్రతీరమున ఉప్పుమళ్లు చూచినవారికి తక్కిన సంగతి సులభముగా బోధపడును. మడిలో నీరు నిండుగా నున్నంతకాలము ఉప్పు కంటికి కానరాదు. ఎండకు నీరు తగ్గినకొలది, ఇక కరగియుండజాలని యుప్పు పలుకులుగా నేర్పడి యడుగున దిగును. మూత్రపిండమునందును ఇట్లే జరుగును. నీరు తగ్గినను, కరగవలసిన పదార్థము హెచ్చినను, పలుకు పుట్టును. పలుకు మీద పలుకు పేరుకొని రాయి యగును. ఈ రెండు కారణములే గాక మూడవది యొకటి కలదు. అది మూత్రముయొక్క పుల్లదనము. క్రొవ్వునకును రాతికిని గల ముడి ముఖ్యముగా ఇచ్చటనే యున్నది.

రాళ్లన్నియు నొకటి గావు. అయిదింట నాలుగు సున్నముతో కూడినవి. వానిలో నెక్కువపాలు కాల్షియమును ఆక్సలేటును కలసి యేర్పడినవి. సుమారు పదింట నొకటి యూరికామ్లపు రాయి. తక్కినవి అరుదు.

లేమి తెచ్చిన రాయి, కలిమి తెచ్చిన రాయి

ఈ వ్యాధి క్రొత్తది గాదు. సుశ్రుతసంహితయందు అశ్మరి యను పేర దీని లక్షణములును శస్త్రచికిత్సయు వర్ణింపబడినవి. అయితే పూర్వకాలమున మన దేశములో మిక్కిలిగా కనబడినది పేదపిల్లలకు మూత్రాశయమున పుట్టు రాయి. నీలగిరులలోని కూనూరునందు ఆహారమును గూర్చి పరిశోధనలు జరిపిన రాబర్టు మెక్కారిసన్ గారు భారతదేశమున రాళ్లు పుట్టుటకు గల కారణములను 1931వ సంవత్సరమున ప్రకటించిరి. ధాన్యమే ప్రధానముగా గల కొరతతిండి తిన్న ఎలుకలలో రాళ్లు పుట్టుటయు, అందు పాలు చేర్చినచో అవి నివారింపబడుటయు వారు చూపిరి. అది లేమి తెచ్చిన రాయి.

నేడు మనము చూచుచున్నది పెక్కు సందర్భములలో వేరు. పెద్దవారికి, మూత్రాశయమున గాక మూత్రపిండమున పుట్టుచున్నది. నాగలి విడిచి ట్రాక్టరెక్కితిమి. ఏతము మాని మోటారు మీట నొక్కుచున్నాము. పొలమునకు నడచుట మాని మోటారుసైకిలుపై పోవుచున్నాము. కష్టము తగ్గుట మంచిదే. కాని పూర్వము కండలలో కరగిపోయిన యన్నము నేడు బొడ్డు చుట్టు క్రొవ్వుగా నిలువయగుచున్నది.

క్రొవ్వు చేయు పని

అమెరికా దేశమున సుమారు 2 లక్షల 42 వేలమంది స్త్రీపురుషులను పెక్కు సంవత్సరములు గమనించి, 2005లో వైద్యులు ఫలితములను ప్రకటించిరి. 68 కిలోగ్రాములకు తక్కువ బరువు గల పురుషులకన్న 100 కిలోగ్రాములు మించినవారికి రాళ్లు పుట్టు అవకాశము 44 పాళ్లు, అనగా నూటికి 44 వంతున, హెచ్చుగా నుండెను. స్త్రీలలో ఈ హెచ్చు 90 పాళ్ల ప్రాంతమున నుండెను. 21 ఏండ్ల ప్రాయమునుండి 16 కిలోగ్రాములకు పైగా బరువు పెరిగిన పురుషులకు, బరువు పెరుగనివారికన్న 39 పాళ్లు హెచ్చు. నడుము చుట్టుకొలత పెరిగినకొలది రాళ్లును పెరుగుట వారు గమనించిరి.

దీనికి కారణమేమి? తిన్న చక్కెరను కండలకు చేర్చుటకు ఇన్సులిన్ అను రసము రక్తమున ప్రవహించుచుండును. పొట్టలోపల ప్రేగుల చుట్టు క్రొవ్వు పేరుకొన్నప్పుడు ఇన్సులిన్ మాటను శరీరము సరిగా వినదు. చక్కెరవ్యాధికి ఇదియే తొలిమెట్టు. ఈ ఇన్సులిన్ మూత్రపిండమునకును ఒక పని చెప్పుచుండును. దేహములో పుట్టిన పులుపును మోసికొనిపోవుటకు మూత్రపిండము అమ్మోనియాను తయారుచేయును. అమ్మోనియా యను పేరు సల్ఫేటు ఎరువు చల్లిన రైతునకు క్రొత్తది గాదు. పొట్టక్రొవ్వు గలవానియందు ఇన్సులిన్ పట్టు తప్పినందున అమ్మోనియా చాలినంత పుట్టదు; పులుపు మూత్రములోనే మిగిలిపోవును.

మట్టిపరీక్షలో మేము చెప్పు పి.హెచ్. అంకె సభ్యులకు తెలిసినదే. అంకె తగ్గినకొలది పులుపు హెచ్చు. మూత్రమున ఆ యంకె 5.5కు దిగినచో యూరికామ్లము కరగియుండజాలదు, పలుకులై దిగును. అంకె 6.5 సమీపమున నున్నచో అదే పదార్థము సులభముగా కరగియుండును. అమెరికాలోని డాలస్ నగర పరిశోధకులు రాళ్లవ్యాధి గలవారిని పరీక్షించి, బరువు పెరిగినకొలది మూత్రముయొక్క పి.హెచ్. తగ్గుచున్నదని 2004లో వెల్లడించిరి. ఫ్రాన్సు దేశమున 2006లో ప్రకటించిన పరిశోధనలో 2,464 రాళ్లను పరీక్షింపగా, చక్కెరవ్యాధి గలవారి రాళ్లలో నూటికి 36 యూరికామ్లపువి. చక్కెరవ్యాధి లేనివారిలో 11 మాత్రమే.

ఇంతియే గాక, లావుపాటి శరీరము గలవారి మూత్రమున ఆక్సలేటును యూరికామ్లమును అధికముగా పోవుచుండును. కావున సున్నపురాళ్లకును క్రొవ్వు తోడగుచున్నది.

త్రాసు చెప్పని సంగతి

"నేను లావుగా లేను గదా, నాకేమి భయము?" అని అనువారు పెక్కురు. ఇచ్చట మన దేశీయులు ముఖ్యముగా గ్రహింపవలసిన విషయ మొకటి కలదు. పూనా నగర వైద్యులు యాజ్ఞిక్ గారును, లండను వైద్యులు యుడ్కిన్ గారును తమ శరీరములనే కొలిపించుకొని 2004లో ఫలితమును ప్రకటించిరి. ఎత్తునుబట్టి లెక్కించిన బరువు ఇరువురికిని సరిసమానము. కాని శరీరములోని క్రొవ్వు యుడ్కిన్ గారికి నూటికి 9 వంతులు, యాజ్ఞిక్ గారికి 21 వంతులు. త్రాసు ఇద్దరిని సమానులనెను. లోపలి క్రొవ్వు మాత్రము రెట్టింపునకు మించెను. కాలుసేతులు సన్నముగా నుండి పొట్ట ముందుకు వచ్చిన మనుష్యుని మన గ్రామములలో ప్రతి వీధియందును చూడవచ్చును. అట్టివాడు తాను బక్కవాడననియే తలంచుచుండును.

కనుక త్రాసుకన్న కొలత టేపు మేలు. క్రింది ప్రక్కటెముకకును తుంటియెముక పై యంచునకును నడుమ, ఊపిరి మెల్లగా విడిచి, బిగింపక కొలువవలెను. పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదని మన దేశీయులకు వైద్యులు హద్దు నిర్ణయించియున్నారు. టేపు లేనివారికి మొలత్రాడే సాక్షి. గత సంవత్సరము సరిపోయిన మొలత్రాడు ఈ సంవత్సరము ఒరయుచున్నచో దానిని మార్చుటతో సరిపుచ్చుకొనక, పొట్ట సంగతి విచారింపవలెను.

అయితే క్రొవ్వు లేనివారికి రాళ్లు రావని యర్థము గాదు. వైశాఖపు టెండలో చెమటలు క్రక్కుచు పనిచేయు బక్కరైతునకు మొదటి కారణముననే, అనగా నీరు తగ్గుటవలననే, రాయి పుట్టును. కుటుంబమున రాళ్లున్నవారికి మరింత జాగ్రత్త వలయును.

చేయవలసిన పనులు

1. నీరు. దినమునకు రెండున్నర లీటర్ల మూత్రము పోవునట్లు త్రాగవలెను. ఎండలో పనిచేయువారికి ఇందులకు నాలుగు లీటర్లయినను చాలకపోవచ్చును. మూత్రము లేత గడ్డిరంగున నున్నచో చాలినదని తెలియవలెను. ముదురు పసుపైనచో చాలలేదు. ఇటలీ దేశమున ఒకసారి రాయి వచ్చిన 199 మందిని అయిదేండ్లు పరిశీలించి 1996లో ప్రకటించిరి. ఎక్కువ నీరు త్రాగినవారిలో నూటికి 12 మందికి, త్రాగనివారిలో 27 మందికి రాయి మరల వచ్చెను. పొలమునకు పోవునపుడు కొడవలి మరచినను నీటికుండ మరువరాదు. గుండెజబ్బు గలవారును, మూత్రపిండములు చెడినవారును మాత్రము వైద్యుని అడిగియే నీటి కొలత నిర్ణయించుకొనవలెను.

2. పాలు, పెరుగు మానరాదు. రాయి సున్నమని విని పాలు మజ్జిగలు మానువారు కలరు. ఇది మేలు చేయదు. భోజనముతో చేరిన సున్నము ప్రేగులలోనే ఆక్సలేటును పట్టుకొని మలముతో పంపివేయును. సున్నము లేనిచో ఆక్సలేటు రక్తమున కెక్కి మూత్రమున దిగును. ఇటలీలోనే 120 మంది పురుషులపై చేసి 2002లో ప్రకటించిన పరీక్షలో, పాలు మానినవారిలో నూటికి 38 మందికి రాయి మరల రాగా, పాలు తగుమాత్రముగా పుచ్చుకొని ఉప్పును మాంసమును తగ్గించినవారిలో 20 మందికే వచ్చెను.

3. ఉప్పు, మాంసము. ఊరగాయలు, అప్పడములు, ఎండుచేపలు మితముగా తినవలెను. ఉప్పు హెచ్చినచో సున్నము మూత్రమున హెచ్చును. మాంసము హెచ్చినచో పులుపును యూరికామ్లమును హెచ్చును. పాలకూర ఆక్సలేటు గలది గనుక రాయి వచ్చినవారు తగ్గించుకొనవలెను.

4. నిమ్మనీరు మంచిది, అందలి సిట్రేటు పలుకులు పేరుకొనకుండ తోడ్పడును. పంచదార కలిపిన సీసాపానీయములు రాతిని, పొట్టను రెంటిని పెంచును. బీరు త్రాగినచో రాయి కొట్టుకొనిపోవునను మాట నమ్మరాదు. అది యూరికామ్లమును పెంచును.

5. పొట్టను మెల్లగా తగ్గింపవలెను. పట్టుదలతో కటిక ఉపవాసములు చేసినచో మూత్రము మరింత పుల్లనై రాయి పుట్టవచ్చును. అన్నపురాశి కొంత తగ్గించి, పప్పు కూరలు పెంచి, దినము అరగంటయైనను వడిగా నడచుట మేలు.

ఆలస్యము చేయరాని సమయములు

అయిదు మిల్లీమీటర్లకు లోపు రాళ్లు చాలవరకు తామే పడిపోవును. ఉలవకట్టు, కొండపిండి కషాయము త్రాగుట మన పల్లెలలో వాడుక. కాని నొప్పితో చలిజ్వరము వచ్చినను, మూత్రము బంధించినను, వాంతులు ఆగకున్నను, కషాయములను నమ్మి ఒక్క దినమైనను గడుపరాదు. కాలువకు అడ్డుకట్ట పడినచో వెనుకటి మడి మునిగినట్లు, మూత్రము వెనుకకు ఎగదన్ని మూత్రపిండము చెడును. నొప్పి తగ్గినంతమాత్రమున రాయి పోయెనని తలంచుటయు ప్రమాదమే. అంగడిలో నొప్పిబిళ్లలు కొని మాటిమాటికి మ్రింగుట మూత్రపిండములకు హాని.

ఇందు ఒక శుభవార్తయు కలదు. యూరికామ్లపు రాయిని పెక్కుసారులు కోత లేకయే, పులుపును విరుచు మందులతో వైద్యులు కరగింపగలరు. అందుచేత పడిన రాయిని పారవేయక, కాగితమున చుట్టి వైద్యునకు చూపి, అది యే జాతిదో పరీక్ష చేయించుకొనవలెను. మట్టి తెలియక ఎరువు వేయరాదని మేము చెప్పుచుందుము గదా! రాయి తెలియక మందు వేయుటయు అట్టిదే.

ప్రతి సంఘకార్యాలయమునందును త్రాసు ప్రక్కన నొక కొలత టేపు వ్రేలాడదీయవలెనని మా సూచన. ధాన్యము తూయించుకొనుటకు వచ్చిన సభ్యుడు తన నడుమును గూడ కొలుచుకొని, ఆ యంకెను పాసుపుస్తకపు వెనుకపుటలో వ్రాసికొనవలెను. మరుసటి సంవత్సరము కోతలవేళ మరల కొలిచి చూచుకొనవలెను. పెరుగవలసినది గాదెలోని ధాన్యమే గాని నడుము గాదు.