చేపల తొట్టెతో చేతికి తంటా!

ఆదివారం వస్తే ఇంట్లో అక్వేరియం కడిగే పని నాన్నది. రాళ్లు తోముతుంటే ఎక్కడో వేలు గీసుకుంటుంది. కాస్త పసుపు అద్ది ఆ సంగతి మర్చిపోతారు. మూడు నాలుగు వారాలకు అక్కడే ఓ బుడిపె! పెద్దగా నొప్పి ఉండదు, జ్వరమూ రాదు. మెల్లగా వేలు వాచి బిగుసుకుంటుంది, పిడికిలి పట్టదు. కీళ్లవాతం కాబోలు అనుకుంటారు.

కాకపోవచ్చు. నీళ్లలో ఉండే మైకోబ్యాక్టీరియం మేరినమ్ అనే క్రిమి పని కావచ్చు. క్షయ క్రిమికి ఇది దగ్గరి చుట్టం. 1926లో ఫిలడెల్ఫియా అక్వేరియంలో చచ్చిన చేపల్లో దీన్ని గుర్తించారు. మనుషులకూ సోకుతుందని 1951లో స్వీడన్‌లో బయటపడింది. అక్కడ ఓ ఈతకొలనుకు వెళ్లినవాళ్లకు పుండ్లు లేచాయి. ఇప్పుడు ఎక్కువగా చేపల తొట్టెల వల్లే వస్తోంది.

చేతికే ఎందుకు? ఈ క్రిమికి 30 డిగ్రీల చల్లదనం ఇష్టం. ఒంటి లోపలి 37 డిగ్రీల వేడి పడదు. అందుకే క్షయలా ఊపిరితిత్తుల జోలికి పోకుండా కాస్త చల్లగా ఉండే చేతిలో తిష్ఠ వేస్తుంది. అశ్రద్ధ చేస్తే స్నాయువుల్లోకి, కీళ్లలోకి దిగుతుంది.

అసలు చిక్కు దీన్ని గుర్తుపట్టడంలోనే. కీళ్లనొప్పి అనుకుని స్టెరాయిడ్ ఇంజక్షన్ చేస్తే వాపు తగ్గినట్టే తగ్గి, లోపల క్రిమి బలపడుతుంది. ల్యాబ్‌లో మామూలుగా 37 డిగ్రీల దగ్గర పెంచి చూస్తే చాలాసార్లు దొరకదు. 30 డిగ్రీల దగ్గర కొన్ని వారాలు ఉంచాలి. ముక్క తీసి పరీక్షిస్తే అచ్చం క్షయలాగే కనిపిస్తుంది. అలాగని క్షయ మందులన్నీ దీనిమీద పనిచేయవు. పైరజినమైడ్‌కు ఇది అస్సలు లొంగదు! అందుకే వేలు వాచి డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆయన అడక్కపోయినా ఇంట్లో చేపలున్న సంగతి చెప్పాలి. చెరువు పనిలో చేప ముల్లో, రొయ్య కొమ్మో గుచ్చుకున్నా అంతే. భీమవరం, కైకలూరు వైపు ఈ గాయాలు కొత్తేం కాదు కదా!

సరైన మందులు పడితే తగ్గుతుంది, కానీ నెలల తరబడి వాడాలి. స్నాయువు దాకా పోతే ఆపరేషన్ చేసి శుభ్రం చేయాల్సి రావచ్చు.

అరుదైన జబ్బే. ఒకరి నుంచి ఒకరికి అంటదు కూడా. చేపల్ని వదిలించుకోనక్కర్లేదు, రబ్బరు గ్లవుజులు చాలు. చేతికి గాయముంటే ఆ వారం తొట్టె పని ఇంకొకరికి అప్పగించండి. కడిగిన టబ్బులోనే పిల్లలకు స్నానం మాత్రం చేయించకండి. విదేశాల్లో పసివాళ్లకు అలా సోకిన సందర్భాలున్నాయి.